పెన్నేరు గడ్డ వేసేముందు నా మాట ఒకటి వినండి



పోయిన వారం మా ఊరి పిల్లోడు ఒకడు, నాకు కొడుకు వరస, ఇంటికొచ్చి రంగుల కాగితం ఒకటి చూపించినాడు. "పెదనాయనా, అశ్వగంధ వేస్తే ఎకరాకు లక్షన్నర వస్తుందంట. విత్తనం వాళ్లే ఇస్తారంట, వేర్లు వాళ్లే కొంటారంట. ఆరెకరాలు గుత్తకు మాట్లాడుకున్నా. వేద్దామా?" అన్నాడు. ఆ కాగితం చూస్తానే నాకు కడుపులో దేవినట్లయింది. ఏడేండ్ల కిందట అచ్చం ఇట్లాంటి కాగితమే నా చేతిలోనూ ఉండింది. అది పట్టుకుని ఊరంతా తిరిగినోణ్ని నేనే.

వాడికి ఆ రోజు సగమే చెప్పినా. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగైతాది. తీరుబడిగా చదువుకోండి.

మాది గుత్తి పక్కన పల్లె. నాకున్నది నాలుగెకరాలు, అందులో మూడు ఎర్ర నేల, ఒకటి గరప. మా జిల్లా వాన సంగతి మీకు తెలుసు, ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అది మంచి లెక్క. అది కూడా మనకు కావలసినప్పుడు పడదు. శెనక్కాయ విత్తి, మొగం పైకెత్తి చూసి చూసి మెడలు నొచ్చినోళ్లం. ఆ ఏడు జూన్‌లో వాన లేదు, జూలైలో తుంపర్లు. విత్తనానికని తెచ్చిన కాయలు ఇంట్లోనే ఉండిపోయినాయి. అట్లాంటప్పుడు ఎవరైనా వచ్చి "వాన తక్కువైనా పండే పంట ఉంది" అంటే మనిషి నమ్మడా చెప్పండి.

అశ్వగంధ అంటే ఏదో హిమాలయాల చెట్టు అనుకునేరు. మన పెన్నేరు గడ్డే. మన అనంతపురం, కర్నూలు వైపు సాగు చేసేవాళ్లు ముందు నుంచీ ఉన్నారు. వంగ, టమాట, మిరప ఏ కుటుంబమో ఇది కూడా ఆ కుటుంబమే. మోకాలెత్తు దాటి నడుము దాకా పెరుగుతాది. బుడ్డ టమాట మాదిరి పల్చటి పొర లోపల చిన్న ఎర్ర పండు. పచ్చి వేరు పీకి వాసన చూస్తే గుర్రపుశాల వాసన. అశ్వం, గంధం అని పేరు అందుకే. ఆ వేరే మనకు డబ్బు. ఆకులు, కొమ్మలు కాదు. దీని గురించి కింద మళ్లీ చెప్తా.

సరే, ఆ కంపెనీ. పేరు రాయను. పట్నంలో ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టి, మాంసం భోజనం పెట్టి, తెర మీద బొమ్మలు చూపించినారు. ఎకరాకు 5 క్వింటాళ్ల ఎండు వేరు, కిలో 300 రూపాయలకు మేమే కొంటాం అన్నారు. విత్తనం మాత్రం వాళ్ల దగ్గరే తీసుకోవాల, కిలో 1,500. ఎకరాకు 5 కిలోలు. ఒప్పందం కాగితం ఇచ్చినారు. మా బ్యాచీలో ఇంటర్ దాకా చదివినోణ్ని నేనొక్కణ్నే. రచ్చబండ కాడ కూర్చుని అందరికీ నేనే చదివి వినిపించినా. అందులో ఒక వాక్యం ఉంది, "నాణ్యత కంపెనీ ప్రమాణాలకు సరిపోయిన సరుకును మాత్రమే కొనుగోలు చేయబడును" అని. ఆ ప్రమాణం ఏందో కాగితంలో ఎక్కడా లేదు. చదివినా గానీ నా బుర్రకు ఎక్కలేదు. నలుగురు నా మాట మీద సంతకాలు పెట్టినారు.

ఇప్పుడు ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట. వాళ్లు నలుగురూ కలిసి 35 కిలోల విత్తనం తీసుకున్నారు. కిలోకు 100 రూపాయల లెక్కన కంపెనీ మనిషి నాకు 3,500 ఇచ్చినాడు. "మీరు తిరిగినందుకు ఖర్చులు అన్నా" అన్నాడు. తీసుకున్నా. మా ఇంటామెకు కూడా చెప్పలేదు. ఈ పోస్టు చదివితే ఆమెకు కూడా ఇప్పుడే తెలుస్తుంది.

ఆ నలుగురిలో ఒకాయన నాకు మామ వరస. ఆరు పొట్టేళ్లు అమ్మి పన్నెండున్నర కిలోల విత్తనం కొన్నాడు. ఆయనకున్నది చెరువు కింద రెండున్నర ఎకరాల నల్లరేగడి. "అల్లుడూ, నల్ల నేలలో అయితాదా?" అని అడిగినాడు. నేను కంపెనీ ఆయనను అడిగితే "ఏ నేలైనా పర్వాలేదు" అన్నాడు. నేను అదే మాట తెచ్చి మామకు చెప్పినా. వేరు పంటకు నీళ్లు నిలిచే నేల పనికిరాదని మనకు తెలీదా? ముల్లంగి వేసేటోనికి కూడా తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. అంతే.

పంట సంగతికి వస్తా. నేను నేర్చుకున్నది అంతా ఆ ఏడు, ఆ తర్వాత వేసిన ఏండ్లలో చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే.

విత్తడానికి తొందరపడొద్దు. మఖ కార్తెలో, అంటే ఆగస్టు రెండో సగంలో, నేల బాగా పదునైనప్పుడు విత్తాల. శెనక్కాయకు అదను దాటిపోయిన ఏడు కూడా దీనికి అదను ఉంటాది, మన వైపు వాళ్లకు ఇదే పెద్ద సౌకర్యం. ఎర్ర నేల, ఇసుక కలిసిన నేల, గరప అయితే మేలు. నీళ్లు నిలవకుండా జారిపోవాల. పోయిన పంట వంగో టమాటో మిరపో అయితే ఆ చేన్లో వద్దు. వాటికొచ్చే నులిపురుగులు, తెగుళ్లు దీనికీ వస్తాయి. రెండుసార్లు దున్ని, గుంటక తోలి, మట్టి మెత్తగా చేసుకోవాల. గడ్డలు ఉంటే వేరు వంకర్లు పోయి కొమ్మలు కొమ్మలుగా చీలుతాది, రేటు రాదు.

విత్తనం చాలా సన్నం, మిరప విత్తనం మాదిరి చప్పిడిగా పసుప్పచ్చగా ఉంటాది. కొనేముందు నూరు విత్తనాలు లెక్కపెట్టి తడి గోనె పట్టలో చుట్టి పెట్టండి. పది పన్నెండు రోజుల్లో ఎన్ని మొలిచినాయో చూసి అప్పుడు డబ్బివ్వండి. ఏడాది దాటిన విత్తనం సరిగా మొలవదు. మాకు ఇచ్చింది పాతదో కొత్తదో ఎవరం చూడలేదు, నా చేన్లో సగం జాగా మొలకే లేదు. కిలో విత్తనానికి 3 గ్రాముల థైరమో మాంకోజెబో పట్టించి, అయిదారింతలు ఇసుక కలిపి చల్లాల. పైన మట్టి అర అంగుళం కప్పితే చాలు. నేను మొదటి ఏడు గొర్రుతో లోతుగా వేసి చెడగొట్టుకున్నా. చల్లడం కంటే సాళ్లు పెడితే కలుపు తీసేటప్పుడు మీ వీపు మిమ్మల్ని దీవిస్తుంది. సాలుకు సాలు అడుగు పెట్టండి.

నెల రోజులకు ఒత్తు మొక్కలు పీకెయ్యాల. ఇది చెయ్యడానికి మనసొప్పదు. మొలిచిన మొక్కను చేతులారా పీకడం ఎట్ల అని మొదటి ఏడు నేను వదిలేసినా. ఏమైంది? వేర్లు పెన్సిల్ కంటే సన్నం. మొక్కకు మొక్కకు నాలుగైదు అంగుళాల ఎడం ఉంటేనే వేరు ఊరుతుంది. మొదటి రెండు నెలలు కలుపు తీయడమే అసలు ఖర్చు. ఆ తర్వాత చెట్టు కమ్ముకుంటాది, మనతో పెద్దగా పని లేదు. పశువుల ఎరువు దుక్కిలో బండ్లకొద్దీ వేసుకోండి గానీ యూరియా జోలికి పోకండి. ఆకు పచ్చగా నిగనిగలాడతాది, కింద వేరు ఉండదు. మా పక్క చేను ఆయన అట్లనే చేసి చెట్లను చూసి మురిసినాడు, తవ్వినాక ఏడ్చినాడు.

పురుగంటే వంగకు వచ్చే చుక్కల పెంకు పురుగు దీనికీ వస్తుంది, ఆకు జల్లెడ చేస్తుంది. ఎండ కాలం ముదిరితే నల్లి. వేపనూనె సరిపోతుంది చాలావరకు. మందుల కంపెనీలకు అమ్మే వేరు ఇది, ఎడాపెడా విషాలు కొడితే పరీక్షలో తేలుతుంది. మేకలు మాత్రం మా వైపు మూతిపెట్టి వదిలేస్తాయి. ఆ మటుకు కాపలా బాధ లేదు.

ఆ ఏడు సెప్టెంబరులో నాలుగు రోజులు పట్టి వాన కొట్టింది. నా ఎర్ర నేలలో నీళ్లు సాయంత్రానికి ఇంకిపోయినాయి. మామ రేగడిలో వారం రోజులు తడి ఆరలేదు. మొక్కలు పసుపెక్కి, మొదలు మెత్తబడి, పీకితే చేతికి వచ్చేసినాయి. రోజూ పొద్దున్నే పోయి చూసి వచ్చేవాడు. నాకు ఎదురుపడితే "ఇంకా కొన్ని ఉన్నాయిలే అల్లుడూ" అనేవాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

విత్తిన 150 నుంచి 180 రోజులకు, అంటే జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా, ఆకులు ఎండి పండ్లు ఎర్రబడితే తవ్వకానికి వచ్చినట్లు. ముందు పండ్లు ఏరుకుని ఎండబెట్టండి, మళ్లేటికి విత్తనం మీ ఇంట్లోనే ఉంటాది. నేల గట్టిగా ఉంటే ఒక తడి పలచగా ఇచ్చి తవ్వాల, లేకపోతే వేరు సగంలో తెగి భూమిలోనే ఉండిపోతుంది. చెట్టంతా పీకి, వేరు మీద కాండం ఒక వేలు మందం ఉంచి నరికి, మట్టి దులిపి, మూడు నాలుగు అంగుళాల ముక్కలు చేసి ఎండబెట్టాల. సన్నటి పీచు వేర్లు కర్రతో కొట్టి రాల్చాల. విరిస్తే టక్కుమని విరగాల. వంగితే ఇంకా తడి ఉన్నట్లు, అట్ల సంచులకు ఎత్తితే బూజు పడుతుంది.

నాకు రెండెకరాలకు ఎండు వేరు 3 క్వింటాళ్ల 40 కిలోలు వచ్చింది. ఎకరాకు 5 క్వింటాళ్లు అన్నారు కదా! ఈ పంట తెలిసినోళ్లను తర్వాత అడిగితే, వానాధారంగా ఎకరాకు క్వింటాలున్నర నుంచి రెండు, బాగా చేసుకుంటే రెండున్నర అన్నారు. మీకు ఎవరైనా 5 చెబితే మంచినీళ్లిచ్చి పంపించండి.

ఫోన్ చేస్తే కంపెనీ మనిషి మొదట "వస్తాం" అన్నాడు, తర్వాత "లోడు అయ్యేంత సరుకు కావాల" అన్నాడు. ఒకసారి వచ్చి నాలుగు ముక్కలు విరిచి చూసి "ప్రమాణానికి లేదు" అని పోయినాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. పట్నంలో ఆఫీసుకు పోతే బోర్డు తీసేసి చీరల అంగడి పెట్టినారు.

రెండు నెలలు సంచులు ఇంట్లోనే. ఇల్లంతా గుర్రం వాసన. చుట్టాలొస్తే గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లు. నలుగురిలో ఇద్దరు ఎవరో దళారికి కిలో 70 కి ఇచ్చేసినారు. ఇంకొకాయన, నేను కలిసి మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌కు పోదామని అనుకున్నాం. దేశంలో ఈ వేరుకు పెద్ద మార్కెట్ అదే. సరుకు లారీకి వేసి, మేము గుంతకల్లులో రైలెక్కి, మారుకుంటా మారుకుంటా రత్లాం, అక్కడి నుంచి నీమచ్. ఇద్దరికీ హిందీ రాదు. నాకు సినిమా హిందీ నాలుగు ముక్కలు.

ఆ యార్డు చూస్తే కండ్లు తిరిగినాయి. మనకు శెనక్కాయ యార్డు తెలుసు. అక్కడ వేర్లు, గింజలు, ఆకులు, బెరళ్లు, పూలు ఎక్కడికక్కడ కుప్పలు. మా సంచులు గుమ్మరించినాం. వ్యాపారి ఒకడు వచ్చి గుప్పెడు తీసి, ఒక ముక్క విరిచి, లోపలి తెలుపు చూసి, వాసన చూసి, కిలోకు 110 అని పోయినాడు. నాకు కాళ్లు చల్లబడినాయి. పక్క కుప్ప దగ్గర తలపాగా పెద్దాయన ఒకడు మమ్మల్ని చూసి నవ్వి, సైగ చేసి పిలిచి, తన సరుకు చూపించినాడు. నాలుగు కుప్పలు. చిటికెన వేలంత లావు, పొడుగ్గా, నున్నగా, లోపల తెల్లగా ఉన్నవి ఒకటి. కొంచెం సన్నవి ఇంకొకటి. అంతకంటే సన్నవి, పొట్టివి ఒకటి. ముక్కలు, పీచు ఒకటి. మేము అన్నీ ఒకే సంచిలో కలిపి తెచ్చినాం. మంచి వేరు కూడా పీచు రేటుకే పోతాది కదా అట్ల తెస్తే!

ఆ రాత్రి యార్డు దీపం కింద కూర్చుని తెల్లారేదాకా ఏరినాం ఇద్దరం. పెద్దాయన కూడా కాసేపు కూర్చుని చేయి వేసినాడు, టీ ఆయనే తాగించినాడు. మర్నాడు మొదటి రకం 40 కిలోలకు 260, రెండోది 90 కిలోలకు 210, మూడోది 120 కిలోలకు 160, ఆఖరిది 90 కిలోలకు 90. మొత్తం 56,600. ఒక్క రాత్రి ఏరినందుకు పందొమ్మిది వేలకు పైగా ఎక్కువ వచ్చింది.

ఖర్చు కూడా చెప్పాల కదా. విత్తనం 15,000, దుక్కి 5,000, కలుపు 9,000, తవ్వకం, కోత, ఎండబెట్టడం 14,000, సంచులు, లారీ, మా రైలు ఖర్చు నా వంతు 6,500. మొత్తం 49,500. ఆర్నెల్లకు రెండెకరాల మీద మిగిలింది 7,100. ఇంట్లోవాళ్ల కూలి వేయలేదు. రెండో ఏడు సొంత విత్తనం, మొక్కలు పలచన చేసినా, ఇంటి దగ్గరే ఏరి పంపినా. 34,000 ఖర్చుకు 78,000 వచ్చింది. మూడో ఏడు రేటు పడిపోయి ఖర్చులు మాత్రం వచ్చినాయి. ఇది ఉన్నదున్నట్లు లెక్క.

మామ సంగతి. ఆయనకు వచ్చింది 60 కిలోలు, అది కూడా నల్లగా కుళ్లు వాసన. నీమచ్‌కు తీసుకుపోతానంటే "వద్దులే" అని మొత్తం దిబ్బలో పోసినాడు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసినాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పెండ్లిళ్లలో ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుంటాడు.

ఇప్పుడు ఆ రంగుల కాగితం పిల్లోడికి, మీ అందరికీ. కొంటామని వచ్చేవాళ్లను ఒక్కటి అడగండి: "మీ విత్తనం తీసుకోకుండా, నా సొంత విత్తనంతో పండిస్తే కొంటారా?" అని. విత్తనం అమ్ముకునేటోడు అక్కడే నీళ్లు నములుతాడు. నాణ్యత అంటే లావెంత, పొడుగెంత, తేమెంత, ఏ రకానికి ఎంత రేటు అని కాగితం మీద రాయించండి. పోయిన ఏడు వాళ్లకు అమ్మిన ఇద్దరు రైతుల ఇండ్లకు పోయి వాళ్లతోనే మాట్లాడండి. విత్తనానికైతే హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది, పోషిత లాంటి రకాలు వాళ్ల సంస్థవే. జాతీయ ఔషధ మొక్కల బోర్డు వాళ్ల ఈ-చరక్‌లో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు కనబడతారు, మీ పిల్లలతో ఫోన్‌లో చూపించుకోండి. మొదటి ఏడు అరెకరం మించి వేయొద్దు. ఆరెకరాలు గుత్తకు తీసుకుని అసలే వద్దు రా అబ్బీ.

ఆకులు కూడా కొంటామని కొందరు తిరుగుతున్నారు. 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆకులు వాడొద్దు, వేరే వాడండి అని మందుల తయారీదార్లకు రాసింది. ఆకు కొనేటోడు ఎక్కడ కలుపుతాడో మనకు తెలీదు, ఆ పాపం మనకెందుకు.

ఇంకొకటి. ఇంట్లో ఉంది కదా అని పొడి కొట్టి అందరికీ పాలల్లో కలిపి ఇవ్వకండి. మా పెద్దపాప మూడో నెల కడుపుతో ఉన్నప్పుడు బలానికని నేనే డబ్బా నిండా పంపించినా. ఊరికొచ్చిన నర్సమ్మ చూసి "మీకేమైనా బుద్ధి ఉందా?" అని నన్ను ఫోన్‌లో కడిగేసింది. దేవుడి దయ, రెండు రోజులే తాగింది, బిడ్డ బాగున్నాడు. కడుపుతో ఉన్నోళ్లకు వద్దు. థైరాయిడ్ మాత్రలు, నిద్ర మాత్రలు, చక్కెర మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ను అడక్కుండా తీసుకోకూడదు. మనం పండించింది కదా అని మనకు అన్నీ తెలిసినట్లు కాదు.

ఈసారి నా దగ్గర 24 కిలోల విత్తనం ఉంది, ఈ ఫిబ్రవరిలో ఏరిందే. గోనె పట్టలో పెట్టి చూస్తే నూటికి 70 పైన మొలిచినాయి. అమ్మను. అరెకరానికి సరిపడా రెండున్నర కిలోలు ఎవరికైనా ఇస్తా, పండినాక అంతే విత్తనం తిరిగి ఇవ్వండి. మఖ కార్తెకు ముందే రండి, సంచి మీరే తెచ్చుకోండి. నేల ఏదో చూసే ఇస్తా, రేగడి అయితే ఇవ్వను.

అందులో 5 కిలోలు మాత్రం విడిగా కట్టిపెట్టినా. మామకు కొండ కింద ఎర్రగరప ఎకరం ఉంది, బీడుగా పడి ఉంది. ఆ సంచిలోనే ఒక కవరులో 3,500 కూడా పెట్టినా. మామ ఫోన్ చూడడు గానీ ఆయన మనవడు ఈ పేజీ చూస్తాడని నాకు తెలుసు. అల్లుడూ, ఈ రాత్రి అన్నాలైనాక తాత పక్కన కూర్చుని ఇది మొదటి నుంచి చదివి వినిపించు. వంద రూపాయల మాట కాడ దాటెయ్యొద్దు. ఏమన్నాడో రేపు నాకు చెప్పు.